టీవీ మూలలో అచ్చుపడిన మ్యాప్

మా హాల్లో టీవీకి ఎడమ పక్కన కింద మూలలో ఒక గుండ్రటి మచ్చ ఉంది. మామూలుగా కనపడదు. తెల్ల చొక్కా వేసుకున్న నాయకుడెవరైనా ప్రెస్ మీట్‌లో సరిగ్గా అటువైపు కూర్చుంటే మాత్రం ఆయన పొట్ట మీద సన్నటి ఉంగరంలా తేలుతుంది, దాని చుట్టూ చిన్న చిన్న బొట్లు ఐదు. అమ్మ మొదట్లో తడిగుడ్డ పెట్టి తుడిచింది, తర్వాత కేబుల్ అబ్బాయిని అనుమానించింది, నేను నిజం ఒప్పుకోవడానికి రెండు వారాలు పట్టింది. అది రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 అనే వీడియో గేమ్ మినీమ్యాప్, అంటే ఆడుతున్నంతసేపూ తెర మూలలో దారి చూపించే బుల్లి మ్యాపు. రోజూ రాత్రి మూడు నాలుగు గంటలు ఒకే చోట ఒకే ఉంగరం వెలుగుతూ ఉంటే ఓఎల్ఈడీ తెర మీద అది అలా ఉండిపోతుంది, బర్న్ ఇన్ అంటారు. వారంటీలో రాదన్నారు.

డబ్బు పోయిందన్న బాధ ఎలాగూ ఉంది. దానికంటే ఎక్కువ గుచ్చేది ఏంటంటే, ఆ గేమ్‌లో నేను చూసింది కూడా ఎక్కువగా ఆ మూలనే. 1899 నాటి అమెరికాని ఊహించి కట్టిన గేమ్ అది, గుర్రం నడిస్తే బురదలో గిట్టల గుర్తులు పడతాయి, చలి ప్రదేశంలో నోట్లోంచి ఆవిరి వస్తుంది, దూరంగా కొండ మీద వాన పడుతుంటే ఇక్కడ మనకి ఎండ కాస్తూ ఉంటుంది, అంత కష్టపడి అవన్నీ చేసిపెడితే నేను రూపాయి బిళ్ళంత గుండ్రంలో ఉన్న ఎర్ర గీత మీద నా గుర్రం బాణం ఉందా లేదా అని చూసుకుంటూ వంద గంటలు ఆడాను. వాలెంటైన్ ఊరికి ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు, ఊరి ముందు ఏముంటుందని అడిగితే చెప్పలేను. గీత మాత్రం కుడివైపు తిరిగేది, అది గుర్తుంది.

తెర మీద ఇలా ఎప్పుడూ కనపడే మ్యాపు, ప్రాణం గీత, తూటాల లెక్క, దిక్సూచి, వీటన్నిటినీ కలిపి హడ్ అంటారు. యుద్ధ విమానాల నుంచి వచ్చిన మాట, హెడ్స్ అప్ డిస్‌ప్లే. పైలట్ తల వంచి మీటర్లు చూడాల్సిన పని లేకుండా అంకెలు కళ్ళ ముందు అద్దం మీదే కనపడాలని పెట్టింది. ఆయన బయటికి చూడటం ఆపకూడదనే కదా అది కనిపెట్టారు, గేమ్‌లోకి వచ్చేసరికి సరిగ్గా తలకిందులైంది, బయటికి చూడటం మానేసి అంకెలే చూస్తున్నాం.

నేను మొదటినుంచీ ఇలా లేను. 2006, 2007 ఆ రోజుల్లో గుంటూరులో, బ్రాడీపేటలో ఒక నెట్ సెంటర్, గంటకి 15 రూపాయలు, గోడ మీద చీట్ కోడ్‌ల కాగితం, ఫ్యాను ఒకటే అది కూడా ఓనర్ వైపు తిరిగి ఉండేది. అక్కడ జీటీఏ శాన్ ఆండ్రియాస్ ఆడేవాళ్ళం. 2004లో వచ్చిన గేమ్. దాంట్లోనూ ఎడమ పక్క మూలలో గుండ్రటి రాడార్ ఉండేది, కాకపోతే దారి గీసి చూపించేది కాదు. వెళ్ళాల్సిన చోటు ఎటు ఉందో ఒక చుక్క చూపిస్తుంది, ఎలా వెళ్ళాలో నీ ఇష్టం. దారి గీసిపెట్టే జీపీఎస్ ఆ సిరీస్‌లో 2008లో నాలుగో భాగంతో వచ్చింది. అందుకని ఊరు నేర్చుకోక తప్పేది కాదు. నేను ఆడుతుంటే మా బావ వెనక నిలబడి "ఒరేయ్ అటు కాదురా, పిజ్జా షాపు దాటాక పైన వంతెన ఉన్న సందులోకి తిప్పు" అని అరిచేవాడు, ఓనర్ ఆయన మీద అరిచేవాడు. ఆ సందు గ్రోవ్ స్ట్రీట్, చివర గేమ్ హీరో సీజే ఇల్లు. ఇప్పటికీ నన్ను ఆ గేమ్ నగరం లాస్ శాంటోస్‌లో ఎక్కడ వదిలినా ఆ ఇంటికి వెళ్ళగలను.

అదే లాస్ శాంటోస్ 2013లో జీటీఏ 5లో మళ్ళీ వచ్చింది, కొత్తగా, పది రెట్లు అందంగా. దాన్ని నేను శాన్ ఆండ్రియాస్ కంటే చాలా ఎక్కువ గంటలు ఆడాను. దాని హీరోల్లో ఒకడైన మైకేల్ ఇంటి నుంచి ఇంకొకడైన ఫ్రాంక్లిన్ ఇంటికి గీత లేకుండా వెళ్ళమంటే నా వల్ల కాదు.

దీన్ని వయసు మీదికి తోసేద్దామనుకున్నా కానీ కుదరలేదు, ఎందుకంటే హైదరాబాద్‌లోనూ నా పరిస్థితి ఇదే. ఆరేళ్ళుగా మణికొండలో ఉంటున్నాను, ఫోన్ లేకుండా సికింద్రాబాద్ స్టేషన్‌కి వెళ్ళమంటే చెమటలు పడతాయి. గుంటూరులో లాడ్జ్ సెంటర్, శంకర్ విలాస్ సెంటర్, అరండల్‌పేట అన్నీ అరచేతిలో గీతల్లా తెలుసు. (బ్రాడీపేట సంగతి వేరే, అక్కడ లైను నంబరు, అడ్డరోడ్డు నంబరు చెప్తే చాలు, ఇల్లు దొరుకుతుంది. మా ఊరికి ఎవరో ముందే గ్రాఫ్ కాగితం పరిచి పెట్టారు.)

సరే, మచ్చ పడ్డాక నాకు పౌరుషం వచ్చి హడ్ మొత్తం ఆపేసి ఆడదామని నిర్ణయించుకున్నాను. మొదట పట్టుకుంది ది విచర్ 3. 2015 గేమ్, నాకు చాలా ఇష్టమైన కథ. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి మినీమ్యాప్ తీసేశాను, వెళ్ళాల్సిన చోటు చూపించే మార్కర్లు తీసేశాను, గుర్రమెక్కాను. మొదటి పది నిమిషాలు స్వర్గం. గాలికి చెట్లు ఊగే తీరు ఆ గేమ్‌లో ఎంత బాగుంటుందో అప్పుడే చూశాను నిజంగా. తర్వాత నోవిగ్రాడ్ నగరంలోకి వచ్చి హైరార్క్ స్క్వేర్ నుంచి రోజ్‌మేరీ అండ్ థైమ్ సత్రానికి వెళ్ళాలి. అంతకుముందు కనీసం ముప్పై సార్లు వెళ్ళిన చోటు. దారి తప్పాను. సరే ఎవరినైనా అడుగుదాం అంటే అడగడానికి బటన్ లేదు, జనం ఏదో గొణిగి పక్కకి తప్పుకుంటారు. బోర్డులు చదువుదాం అంటే ఆ గేమ్‌లో రాతలన్నీ గ్లాగోలిటిక్ లిపిలో ఉంటాయి, పాత స్లావిక్ లిపి, చూడటానికి చాలా అందంగా ఉంటుంది, నాకు మాత్రం ఒక్క అక్షరం రాదు. ఇంక పెద్ద మ్యాపు తెరవడం, చూడటం, మూయడం, నాలుగడుగులు వేసి మళ్ళీ తెరవడం. మినీమ్యాప్ ఉన్నప్పుడు కనీసం ఆట ఆగేది కాదు, ఇప్పుడు నిమిషానికోసారి ఆగుతోంది. అరగంటలో సెట్టింగ్స్ మళ్ళీ మామూలుగా పెట్టేశాను.

తప్పు ఎక్కడుందో నాకు స్కైరిమ్ దగ్గర ఇంకా బాగా అర్థమైంది. 2011లో వచ్చిన స్కైరిమ్‌లో తెర పైన అడ్డంగా దిక్సూచి పట్టీ ఉంటుంది, వెళ్ళాల్సిన చోటుకి అందులో బాణం. ఒకడు వచ్చి ఫలానా గుహలో మా తాతగారి కత్తి ఉంది తెచ్చిపెట్టు అంటాడు. ఆ గుహ ఎక్కడుందో మాత్రం చాలాసార్లు చెప్పడు, చెప్పాల్సిన అవసరం వాడికి లేదు, బాణం ఉందిగా. చేయాల్సిన పనులు రాసి ఉండే మన జర్నల్లో కూడా "కత్తి తీసుకురా" అని ఉంటుంది అంతే. ఇప్పుడు ఆ బాణం తీసేస్తే ఏం మిగిలింది? ఎక్కడో ఒక గుహ, ఎవరిదో ఒక కత్తి. అదే సిరీస్‌లో 2002 నాటి మోరోవిండ్‌లో బాణాలు లేవు. బాల్మోరా ఊళ్ళో ఒకాయన పాత శిథిలంలోంచి ఒక పెట్టె తెమ్మంటాడు, దారి అడిగితే ఊరి బయటికి పోయి నది దాటు, కోట పక్కగా వెళ్ళు, పాత వంతెన వస్తుంది, అవతలికి దాటితే అదే అని చెప్తాడు. జర్నల్లో ఆ మాటలు రాసుకుని ఉంటాయి. ఆ గేమ్‌లో కొందరు చెప్పే దారులు తప్పు కూడా, ఎడమ అనాల్సిన చోట కుడి అనేవాళ్ళున్నారు, కానీ అది కూడా నాకు ఇష్టమే. మన ఊళ్ళో అడ్రస్ అడిగితే "పక్కనే, రెండు నిమిషాలు" అని చెప్పి మూడు కిలోమీటర్లు నడిపించేవాళ్ళు లేరా?

కాబట్టి నా గొడవ మినీమ్యాప్ తెర మీద ఉండటంతో కాదు. అది ఉంటుంది కదా అన్న ధైర్యంతో మిగతా లోకాన్ని మూగగా కట్టేయడంతో. బోర్డు మీద చదవగలిగే పేరు లేకుండా, దారి చెప్పే మనిషి లేకుండా, దూరం నుంచి గుర్తుపట్టే గోపురమో పొగగొట్టమో లేకుండా ఊరు కట్టేసి, చివర్లో ఆప్షన్లలో "హడ్: ఆన్/ఆఫ్" అని ఒక మీట పెట్టి, మీకు లీనమవ్వాలనుంటే ఆఫ్ చేసుకోండి అంటే ఎలా. కర్ర మీద నడిచేవాడి చేతిలోంచి కర్ర లాక్కుని పరిగెత్తమన్నట్టు ఉంటుంది.

గేమ్‌లు తయారుచేసేవాళ్ళలో ఈ బాధ తెలిసినవాళ్ళు కొందరు రకరకాల వేషాలు వేశారు, వాటిలో కొన్ని చూస్తే నవ్వొస్తుంది, కొన్ని చూస్తే దండం పెట్టాలనిపిస్తుంది. ది గెటవే అని 2002లో ప్లేస్టేషన్ 2కి వచ్చింది, లండన్ వీధుల్లో దొంగల కథ. తెర మీద ఏమీ ఉండదు, మ్యాపు లేదు, ప్రాణం గీత లేదు. దారెలా తెలుస్తుందంటే నువ్వు నడిపే కారు ఇండికేటర్ దానంతటదే వెలుగుతుంది, ఎడమది కొట్టుకుంటే ఎడమకి తిరగాలి. దెబ్బలు తగిలితే చొక్కా మీద రక్తం, కుంటుతూ నడక, గోడకి ఆనుకుని కాసేపు నిలబడితే తేరుకుంటాడు. నేను దాన్ని ఆడలేదు, వీడియోల్లో చూశాను, చూస్తున్నంతసేపూ ఒకటే ఆలోచన, ఈ గేమ్ హైదరాబాద్‌లో పెట్టి తీస్తే ఏంటి పరిస్థితి అని. ఇక్కడ ఇండికేటర్ వేసినవాడు అటే తిరుగుతాడని ఎవడు నమ్ముతాడు?

ఫార్ క్రై 2 మాత్రం ఆడాను, 2008ది, చాలామంది దాన్ని తిట్టారు, నాకు ప్రాణం. ఆఫ్రికాలో పేరు చెప్పని ఒక దేశం, నీకు మలేరియా. మ్యాపు చూడాలంటే నీ పాత్ర చేతిలోకి కాగితం మ్యాపు తీసి పట్టుకుంటాడు, ఇంకో చేతిలో చిన్న జీపీఎస్. ఆట ఆగదు. జీపు నడుపుతూ మ్యాపు చూస్తే నిజంగానే కళ్ళు రోడ్డు మీంచి కిందికి దిగుతాయి, చెట్టుకి గుద్దుకుంటావు, ఆ శబ్దానికి పక్క చెక్‌పోస్టులోంచి తుపాకులతో వస్తారు. తుపాకీ పాతదైతే తుప్పు కంటికి కనపడుతుంది, కాల్పుల మధ్యలో జామ్ అయిపోతుంది. ఒంట్లో దిగిన తూటాని పటకారుతో లాక్కుంటాడు, చూడ్డానికే నొప్పి. నాకు ఆ గేమ్ కథ సగం గుర్తులేదు కానీ ఎండలో ఆ కాగితం మడత మీద నా బొటనవేలు ఉన్న దృశ్యం గుర్తుంది. నా బొటనవేలు అన్నాను చూశారా.

ఘోస్ట్ ఆఫ్ సుషిమా గురించి చెప్పకపోతే కామెంట్లలో కొడతారు. 2020లో వచ్చింది. కంట్రోలర్ టచ్‌ప్యాడ్ మీద వేలు పైకి జరిపితే గాలి వీస్తుంది, ఎటు వెళ్ళాలో అటు, గడ్డి వంగుతుంది, ఆకులు ఎగురుతాయి. నిజం చెప్పాలంటే అది కూడా బాణమే, వేషం మార్చుకుంది అంతే, ముందు మ్యాపు తెరిచి గుర్తు పెట్టుకోవాల్సిందే. అయినా అది పనిచేస్తుంది, ఎందుకంటే బాణం కోసం వెతికే కన్ను మూలకి పోకుండా గడ్డి మీద, అంటే ఆట మీదే ఉంటుంది. చూడాల్సిన చోట్లకి దారి చూపించే బంగారు రంగు పిట్ట మాత్రం నాకు చిరాకు. అర్జెంటుగా ఎవరినో కాపాడటానికి పోతుంటే వచ్చి చెవి దగ్గర కిచకిచ.

అస్సాసిన్స్ క్రీడ్ ఒడిస్సీ వాళ్ళు 2018లో ఎక్స్‌ప్లొరేషన్ మోడ్ అని పెట్టారు, మార్కర్ ఉండదు, ఫలానా ప్రాంతం, ఫలానా ఊరికి పడమర అని ఆధారాలు ఇస్తారు. మంచి ఆలోచనే. కాకపోతే పోస్టు కవరు మీద జిల్లా, మండలం, గ్రామం రాసినట్టు ఉంటాయి, అక్కడిదాకా వెళ్ళి గద్దని ఎగరేస్తే అది చూపించేస్తుంది. అదే కంపెనీ 2014లో అస్సాసిన్స్ క్రీడ్ యూనిటీలో పారిస్ మ్యాపు ఎలా ఇచ్చిందో గుర్తున్నవాళ్ళకి ఇది చాలా పెద్ద ప్రాయశ్చిత్తం. బెల్లం ముద్దకి చీమలు పట్టినట్టుండేది ఆ మ్యాపు.

నన్ను పూర్తిగా ఏడిపించింది, పూర్తిగా లోపలికి లాగింది కూడా, కింగ్‌డమ్ కమ్ డెలివరెన్స్. 1403 నాటి బొహీమియా, ఇప్పటి చెక్ దేశం. దాంట్లో హార్డ్‌కోర్ మోడ్ పెట్టుకుంటే మ్యాపు ఉంటుంది కానీ మ్యాపులో నువ్వుండవు. నీ గుర్తు ఉండదు. దిక్సూచి మీద ఉత్తరం దక్షిణం ఉండవు. నువ్వెక్కడున్నావో నువ్వే కనుక్కోవాలి, నది ఏ పక్కన ఉంది, రట్టే కోట కనపడుతోందా, ఉజిట్జ్ చర్చి ఎటు, పొద్దు ఎటు వాలుతోంది. పైగా ఆ మోడ్‌లో మనకి మనమే కొన్ని జబ్బులు ఎంచుకోవాలి, నేను తెలివితక్కువగా నిద్రలో నడిచే జబ్బు ఎంచుకున్నాను. రాత్రి మంచం మీద పడుకుంటాడు, కొన్నిసార్లు ఇంకెక్కడో లేస్తాడు. ఒకరోజు లేచి చూస్తే అడవి, చుట్టూ ఒకేలాంటి చెట్లు, మ్యాపులో నేను లేను, కడుపులో ఆకలి. ఏటి చప్పుడు వినపడేదాకా నడిచాను, ఏరు దొరికాక దాని వెంట నడిచాను, ఒక వంతెన కనపడింది, ఆ వంతెన నాకు తెలుసు! నిజంగా సోఫాలోంచి లేచి నిలబడ్డాను. ఏ గేమ్‌లోనూ బాస్‌ని, అంటే పెద్ద విలన్‌ని చంపినప్పుడు కూడా నాకు అంత సంతోషం రాలేదు. ఆ అడవిలో నడిచిన నలభై నిమిషాల్లో తెర మీద నాకు దారి చూపించింది ఏమీ లేదు, అయినా ఆట నన్ను వదిలేసినట్టు అనిపించలేదు, ఎందుకంటే ఏరు ఏటి చోట ఉంది, చర్చి చర్చి చోట ఉంది, నిజం మ్యాపు చూసి కట్టిన నేల అది, వెతికితే దొరుకుతుంది.

ఇదంతా విని నా కొలీగ్ ఒకడు తేలిగ్గా ఒక మాటన్నాడు: "నీకు ఎరుపు ఆకుపచ్చ తేడా తెలుస్తుంది కాబట్టి ఇన్ని కబుర్లు చెప్తున్నావు." వాడికి తెలియదు, పుట్టుకతోనే. విచర్‌లో అడుగుజాడలు ఎర్రగా మెరుస్తాయి, పచ్చగడ్డిలో అవి వాడికి కనపడవు, మినీమ్యాప్ చుక్కల గీత లేకపోతే వాడు ఆ గేమ్ ఆడలేడు. నేను కూడా ఆఫీసు నుంచి తొమ్మిదింటికి వచ్చి, పదకొండింటికి పడుకోవాల్సిన రోజున బొహీమియా అడవిలో ఏరు వెతకలేను, గీత పెట్టుకుని పనయ్యిందనిపిస్తాను. అలాంటి రోజులే ఎక్కువ.

ఇంకోటి కూడా ఉంది, ఇంగ్లిష్‌లో ఈ విషయం మీద రాసేవాళ్ళకి తట్టనిది. సబ్‌టైటిల్స్. హడ్ మొత్తం తీసేయండి, తెర ఎంత శుభ్రంగా ఉందో చూడండి అంటారు. బాబూ, రెడ్ డెడ్‌లో ఆ గడ్డం వాళ్ళు పందొమ్మిదో శతాబ్దపు యాసలో నోరు సగం మూసుకుని మాట్లాడేది నాకు సబ్‌టైటిల్స్ లేకపోతే సగం అర్థం కాదు. తెలుగు సబ్‌టైటిల్స్ ఉన్న, ఎటైనా తిరగగలిగే పెద్ద ఓపెన్ వరల్డ్ గేమ్ నేనింతవరకు చూడలేదు, ఉన్నదల్లా ఇంగ్లిష్, అది చదవడానికి కన్ను ఎలాగూ కిందికి దిగుతుంది. రెడ్ డెడ్‌లో పక్క గుర్రం మీద వచ్చేవాడు అక్కడక్కడా నోటితో దారి చెప్తాడు కదా, చాలా గొప్ప విషయం అది, కానీ వాడు ఎడమ అన్నమాట నేను చదివేలోపు మలుపు దాటిపోతుంది. కాబట్టి మినీమ్యాప్ తీసేశాక నా కన్ను మూలలోంచి లేచి మధ్యలోకి జరిగింది అంతే, పూర్తిగా పైకి రాలేదు.

ఇప్పుడు నేను రెడ్ డెడ్ మళ్ళీ మొదటి నుంచి ఆడుతున్నాను, రాడార్, అంటే ఆ మినీమ్యాప్, ఆఫ్ చేసి. కింది బటన్ నొక్కితే కాసేపు కనపడి పోతుంది, మరీ తప్పిపోతే నొక్కుతాను. ఈ గేమ్ విచర్‌లా మూగది కాదు, కూడళ్ళ దగ్గర చెక్క బోర్డుల మీద ఊళ్ళ పేర్లు చదవచ్చు, రైలు పట్టాలు పట్టుకుని పోతే ఏదో ఒక స్టేషన్ తగులుతుంది, సెయింట్ డెనిస్ నగరం పొగగొట్టాలు ఎక్కడినుంచో కనపడతాయి. అంటే అన్నీ ఉన్నాయి, మొదటిసారి ఆడినప్పుడు కూడా ఉన్నాయి, నేనే ఉంగరంలో చూస్తూ కూర్చున్నాను. టీవీ ఇప్పుడు కిటికీలా అనిపిస్తోంది, మచ్చ కూడా తెల్ల చొక్కా మీద కాకుండా గడ్డి మీద పడుతోంది కాబట్టి కనపడటం లేదు.

అనుకోనిది ఏంటంటే అమ్మ చూడటం మొదలుపెట్టింది. ఇదివరకు నేను గేమ్ పెడితే లేచి వెళ్ళిపోయేది, ఆ గీతలు చుక్కలు చూస్తే తల తిరుగుతుందని. ఇప్పుడు పక్కన కూర్చుని చిక్కుళ్ళు ఒలుచుకుంటూ "ఆ గుర్రానికి మేత పెట్టావా?" అని అడుగుతుంది. మొన్న ఆదివారం రోడ్స్ అనే ఊరి నుంచి సెయింట్ డెనిస్‌కి బయల్దేరాను, సాయంత్రం, పొగమంచు, పొగగొట్టాలు కనపడటం లేదు, రోడ్డు రెండుగా చీలింది, నా వేలు బటన్ మీదికి పోతోంది.

"ఎందుకురా అంత ఆలోచన, నిన్న ఇటే కదా వచ్చావు, ఆ వంకర చెట్టు దగ్గర ఎడమకి తిరిగావు."

"గుర్తుందా అమ్మా నీకు?"

"ఎందుకు గుర్తుండదు, నాచు వేలాడుతున్న చెట్టు. తిప్పు ఎడమకి."

తిప్పాను. రోడ్డు సన్నబడింది, తర్వాత రోడ్డే లేదు, గుర్రం నీళ్ళలో దిగింది, పక్కన మొద్దు అనుకున్నది కదిలింది. ఆ చిత్తడి నిండా మొసళ్ళే అని నాకు తెలుసు, తెలిసీ మర్చిపోయాను. గుర్రం నన్ను విసిరేసి పారిపోయింది.

అమ్మ చిక్కుడుకాయ గిన్నెలో వేసి, "నేను చెప్పింది ఇంకో చెట్టు" అంది.